చట్టం మనసులో ఉన్న వ్యాపారి ఎవరు?

(విజయవాడలో, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన యువతీయువకుల సమావేశంలో ఒక ఆడిటర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఎంతమంది కంపెనీ పెట్టారు? ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. పెట్టిన కంపెనీని పద్ధతి ప్రకారం మూసేసినవాళ్లు ఎంతమంది? ఒక్క చెయ్యీ లేవలేదు. మరి పెట్టిన కంపెనీలన్నీ నడుస్తున్నాయా? లేదంటున్నారు. అంటే నడవడమూ లేదు, మూయడమూ జరగలేదు. సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం.

కుర్రవాళ్ల వ్యాపారాలకు చట్టాలు అడ్డం వస్తున్నాయి అనగానే అందరూ లంచాల గురించి మాట్లాడతారు. నేను ఇవాళ ఆ సంగతి ఎత్తను. ఆఫీసులో ప్రతి ఒక్కరూ నిజాయితీగా పనిచేసినా, ఏ ఒక్కరూ రూపాయి అడగకపోయినా, అప్పుడు కూడా మిమ్మల్ని ఆపే సంగతులు ఉన్నాయి. అవి చట్టం రాసిన తీరులోనే ఉన్నాయి. చట్టం రాసేవాళ్ల మనసులో ఎప్పుడూ ఒక వ్యాపారి ఉంటాడు. ఆయనకు సొంత షాపు ఉంటుంది. గుమాస్తా ఉంటాడు. నెలనెలా లెక్క చూసే ఆడిటర్ ఉంటాడు. ఏళ్ల తరబడి అదే ఊళ్లో అదే వ్యాపారం చేస్తుంటాడు, ఇక ముందూ చేస్తాడు. ఆ వ్యాపారికి ఈ చట్టాలు సరిపోతాయి. మీరు ఆయన కాదు. మీకు ఇరవై రెండేళ్లు. అద్దె గదిలో ఉంటున్నారు. చేసేది మీరొక్కరే, లెక్క రాసేదీ మీరే. ఈ ఏడు చేసిన వ్యాపారం వచ్చే ఏడు చేస్తారో లేదో మీకే తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, ప్రయత్నం అంటేనే అది. ఆ ప్రయత్నానికి మన చట్టాల్లో చోటు చాలా తక్కువ. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే.

మొదట కంపెనీ సంగతి. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో నలుగురు స్నేహితులు కలుస్తారు. ఏదో పోటీలో ఐడియాకు బహుమతి వస్తుంది. కంపెనీ రిజిస్టర్ చేయండి అని ఎవరో సలహా ఇస్తారు. రిజిస్టర్ చేయడం ఇప్పుడు చాలా తేలిక. ఒకప్పుడు కనీసం లక్ష రూపాయల మూలధనం చూపించాల్సి వచ్చేది, 2015లో అది తీసేశారు. 15 లక్షల లోపు అధీకృత మూలధనం, అంటే వాటాల మీద గరిష్ఠంగా సేకరించగల మొత్తం, ఉన్న కంపెనీకి కేంద్రం తీసుకునే రిజిస్ట్రేషన్ ఫీజు సున్నా. అంతా ఆన్‌లైన్‌లోనే. మంచి మార్పులే, వాటిని నేను మెచ్చుకుంటాను.

తరవాత ఏమవుతుంది? చదువు అయిపోతుంది. ఒకరికి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఒకరు అమెరికా, ఒకరికి పెళ్లి. కంపెనీ ఒక్క రూపాయి వ్యాపారం చేయలేదు. బ్యాంకు ఖాతాలో ఉన్నది కూడా చార్జీల కింద పోయింది. వాళ్ల దృష్టిలో కంపెనీ అయిపోయింది. చట్టం దృష్టిలో అది బతికే ఉంది. ఏటా దానికి ఆడిట్ చేయించాలి. టర్నోవర్ సున్నా అయినా సరే ఆడిట్ తప్పదు. ఏటా రెండు ముఖ్యమైన ఫారాలు దాఖలు చేయాలి, ఒకటి లెక్కలది, ఒకటి వార్షిక రిటర్ను. వేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు ఫీజు. 2018 జులై నుంచి ఇదే పద్ధతి. దీనికి గరిష్ఠ పరిమితి ఏమీ లేదు. లెక్క వేయండి. రెండు ఫారాలు, రోజుకు 200. ఏడాదికి? 73 వేలు. ఒక్క సంవత్సరం రిటర్న్లకు, ఒక్క సంవత్సరం ఆలస్యానికి 73 వేలు. రెండో సంవత్సరం రిటర్న్లు కూడా వేయకపోతే, ఆ మీటరు వేరేగా మొదలవుతుంది, మొదటిది ఆగదు.

వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు వేయకపోతే? ఆ డైరెక్టర్లు ఐదేళ్ల పాటు ఇంకో కంపెనీలో డైరెక్టర్‌గా చేరడానికి అనర్హులు. 2017లో కేంద్ర ప్రభుత్వం 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేసింది, 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. నల్లధనం దాచే ఉత్తుత్తి కంపెనీల కోసం వేసిన వల అది. అందులో ఆ కంపెనీలూ పడ్డాయి, కాదనను. కాలేజీలో కంపెనీ పెట్టి మరిచిపోయిన పిల్లలు కూడా అందులోనే పడ్డారు. చట్టానికి ఇద్దరికీ తేడా తెలియలేదు.

నా దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. ఎప్పుడు వస్తారో చెప్పనా? రెండోసారి వ్యాపారం పెట్టేటప్పుడు. ఈసారి ఐడియా గట్టిది, కొనేవాళ్లు ఉన్నారు, డబ్బు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఫారం నింపుతుంటే డైరెక్టరు నంబరు పనిచేయదు. అప్పుడు తెలుస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో మరిచిపోయిన ఒక ఫారం ఇరవై ఆరేళ్లకు ఎదురొస్తుంది. మొదటిసారి ఓడినవాడే రెండోసారి బాగా చేస్తాడని మనం వేదికల మీద చెబుతాం కదా? మరి ఆ రెండోసారిని చట్టమే ఆపుతుంటే ఏం చేయాలి?

మూసేద్దాం అంటారు. మూయడానికి దరఖాస్తు ఫీజు 10 వేలు. దరఖాస్తు పెట్టాలంటే ముందు వ్యాపారం ఆగిన సంవత్సరం దాకా బాకీ ఉన్న రిటర్న్లన్నీ వేయాలి, అదనపు ఫీజుతో సహా. పెట్టడానికి ఫీజు సున్నా, మూయడానికి అన్నీ కలిపితే లక్ష దాకా కావచ్చు. ఈ మూసివేత దరఖాస్తుల కోసం 2023లో ప్రత్యేక కేంద్రం పెట్టారు, దరఖాస్తు కదిలే వేగం పెరిగింది. కానీ దరఖాస్తు దాకా చేరే ఖర్చు తగ్గలేదు.

ఇంకో మాట. 2020లో ప్రభుత్వమే ఒక పథకం తెచ్చింది. పాత రిటర్న్లు అదనపు ఫీజు లేకుండా వేసుకోండి అని. అంతకుముందు 2018లోనూ డైరెక్టర్ల కోసం ఇలాంటిది వచ్చింది. చాలామంది బయటపడ్డారు. మంచిదే. కానీ ఆలోచించండి, కొన్నేళ్లకోసారి మాఫీ ఇవ్వాల్సి వస్తోందంటే, తప్పు కట్టనివాళ్లందరిలో ఉందా, రూలులో ఉందా? మాఫీ వచ్చేదాకా వేచి చూసినవాడు బాగుపడతాడు, భయపడి అప్పు చేసి కట్టినవాడు నష్టపోతాడు. ఇది న్యాయమా? నేను అడిగేది చాలా చిన్నది. ఆ రోజుకు 100కి ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి. జీఎస్టీలో పెట్టారు కదా. చిన్న వ్యాపారి నెల రిటర్ను ఆలస్యం చేస్తే లేటు ఫీజు 2 వేలు దాటదు, టర్నోవర్ లేని రిటర్ను అయితే 500 దాటదు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మీకు ఒక పని మాట కూడా చెబుతాను, రాసుకోండి. ఇంకా కొనేవాళ్లు ఎవరో తేలకముందే కంపెనీ పెట్టకండి. ఒక్కరే అయితే సొంత పేరు మీదే మొదలుపెట్టవచ్చు. ఇద్దరు ముగ్గురైతే ఎల్‌ఎల్‌పీ అనే పరిమిత బాధ్యత భాగస్వామ్యం ఉంది, దానికి టర్నోవర్ 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటేదాకా ఆడిట్ అక్కర్లేదు. ఇప్పటికే కంపెనీ ఉండి నడవడం లేదంటే డార్మెంట్ హోదాకు, అంటే నడవని కంపెనీగా నమోదుకు, దరఖాస్తు చేసుకునే వీలుంది, ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆలస్యం చేయకండి.

ఇప్పుడు పచ్చళ్ల దగ్గరికి వద్దాం. నవ్వకండి, ఈ హాల్లో పచ్చళ్లు, పొడులు, స్వీట్లు, చిరుధాన్యాల బిస్కెట్లు చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. విజయవాడలో ఒక అమ్మాయి ఆవకాయ, గోంగూర పచ్చడి చేసి అమ్ముతోంది అనుకోండి. వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెడుతుంది, ఫోన్‌లో ఆర్డర్లు వస్తాయి, కొరియర్‌లో పంపుతుంది. ఏడాదికి అంతా కలిపి మూడు నాలుగు లక్షల అమ్మకం. జీఎస్టీ చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. కాబట్టి ఆ అమ్మాయికి అవసరం లేదు. అవునా?

కాదు. ఆమె పచ్చడి ఇక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా పంపవచ్చు, హిందూపురం దాకా పంపవచ్చు, ఏ నంబరూ అక్కర్లేదు. హైదరాబాద్‌కు ఒక్క కిలో డబ్బా పంపితే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎందుకంటే అది ఇంకో రాష్ట్రం. వేరే రాష్ట్రానికి పన్ను పడే సరుకు పంపితే 40 లక్షలూ లేవు, 4 లక్షలూ లేవు, మొదటి రూపాయి నుంచే జీఎస్టీ నంబరు ఉండాలి. జగ్గయ్యపేటలో ఉన్నామెకు కోదాడ అరగంట దూరం. కోదాడకు పంపితే అంతర్రాష్ట్ర వ్యాపారం. శ్రీకాకుళానికి పంపితే స్థానిక వ్యాపారం.

మనవాళ్లకు ఇది మామూలు ఇబ్బంది కాదు. బెజవాడ పచ్చడికి పెద్ద గిరాకీ ఎక్కడ? హైదరాబాద్‌లోనే కదా. మన పిల్లలందరూ అక్కడే ఉన్నారు. 2014 జూన్ 2కు ముందు ఒకే రాష్ట్రం. ఆ తరవాత ఒక గీత పడింది. ఆ గీత మీద మన ఇళ్లు రెండుగా ఉన్నాయి, బంధువులు రెండు వైపులా ఉన్నారు, కొనేవాళ్లు అటు, చేసేవాళ్లు ఇటు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ గీత చిన్న వ్యాపారికి గోడ అయింది. అటువైపు ఇంకో తిరకాసు ఉంది. 2019లో సరుకుల పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచినప్పుడు తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే కోదాడలో పచ్చళ్ల షాపుకూ జగ్గయ్యపేటలో పచ్చళ్ల షాపుకూ పరిమితే వేరు.

మీరు అడగవచ్చు, రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పోయేదేముంది, ఫీజు లేదుగా అని. రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, నిజమే. తరవాతది చూడండి. రిటర్న్లు వేయాలి. మూడు నెలలకోసారి వేసే వెసులుబాటు ఉంది, అయినా వేయాలి. అమ్మకం లేని నెలల్లో కూడా సున్నా రిటర్ను వేయాలి. ఒకసారి నంబరు తీసుకున్నాక, ఇక్కడ బెజవాడలో పక్కింటావిడకు అమ్మిన డబ్బా మీద కూడా పన్ను కట్టాలి. కాంపోజిషన్ స్కీము అని ఉంది, చిన్నవాళ్లకు ఒక్క శాతం పన్ను, లెక్కలు తేలిక. అదైనా తీసుకుందామంటే, అందులో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. చూశారా? ఎవరి కోసం పెట్టిన వెసులుబాటో వాళ్లకే అందదు. ఎందుకంటే అది రాసినప్పుడు మనసులో ఉన్నది వీధి చివర కిరాణా షాపు. ఫోన్ పెట్టుకుని ఊరూరికీ పార్సిల్ చేసే ఇరవై మూడేళ్ల అమ్మాయి కాదు.

వ్యాపారం ఆపేస్తే? నంబరు రద్దు చేయించుకోవాలి. రద్దయ్యాక మూడు నెలల్లో ఆఖరి రిటర్ను అని ఒకటి వేయాలి. చాలామందికి ఇది తెలియదు. రద్దయింది కదా, అయిపోయింది అనుకుంటారు. దానికి రోజుకు 200 చొప్పున 10 వేల దాకా లేటు ఫీజు పడుతుంది. ఏడాది మొత్తం మీద ఆమెకు మిగిలిన లాభంలో అదెంత భాగమో మీరే చెప్పండి.

ఇది మార్చలేనిదా? ఇదే చట్టంలో ఇదే రూలును రెండుసార్లు సడలించారు. ఒకటి, సేవలకు. గుంటూరులో కూర్చుని బెంగళూరు కంపెనీకి వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రవాడికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జీఎస్టీ వచ్చిన కొద్ది నెలలకే, 2017 అక్టోబరులో ఈ మినహాయింపు ఇచ్చారు. రెండోది, చేతిపని వస్తువులకు, చేనేతకు. మంగళగిరి చీర హైదరాబాద్‌కు పంపవచ్చు, పాన్ నంబరు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉంటే చాలు, పరిమితి దాటేదాకా రిజిస్ట్రేషన్ అడగరు. చాలా మంచి పని చేశారు. మరి చీరకు ఇచ్చినది పచ్చడికి ఎందుకు ఇవ్వకూడదు? తేనెకు? సబ్బుకు? అరకు నుంచి వచ్చే కాఫీ పొడికి? అదీ చేత్తో చేసినదే. అదీ ఇంట్లో చేసినదే. 2023 అక్టోబరు నుంచి ఇంకో సడలింపు వచ్చింది, అమెజాన్ లాంటి వేదికల మీద రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మవచ్చు, సొంత రాష్ట్రంలోపల మాత్రమే. మళ్లీ ఆ గీత దగ్గరే ఆగింది.

రిజిస్ట్రేషన్ చేయించుకుందాం అని నిర్ణయించుకుంటే అసలు టెన్షన్ మొదలవుతుంది. అడ్రస్. వ్యాపార స్థలం చూపించాలి. అద్దె ఇల్లు అయితే ఓనర్ దగ్గర కాగితం కావాలి, ఆయన కరెంటు బిల్లో ఇంటిపన్ను రసీదో కావాలి. మా ఇంటి అడ్రస్ మీద వ్యాపారమా, రేపు కరెంటు కమర్షియల్ చేస్తారు, ఇంటిపన్ను పెంచుతారు అని ఓనర్ భయం. ఆయన్నీ తప్పు పట్టలేం. హాస్టల్లో ఉంటే? పేయింగ్ గెస్టుగా ఉంటే? ఎవరు రాసిస్తారు? పెళ్లికాని అమ్మాయికి ఇల్లు అద్దెకివ్వడానికే వంద ప్రశ్నలు వేసేవాళ్లు వ్యాపారానికి సంతకం పెడతారా? ఇప్పుడు చిన్నవాళ్ల దరఖాస్తులు మూడు పనిదినాల్లో ఆమోదించే పద్ధతి వచ్చింది, 2025 నవంబరు నుంచి. సంతోషం. కానీ ఓనర్ కాగితం ఇవ్వని చోట ఆ మూడు రోజులు మొదలే కావు.

ఇంకో అడ్రస్ సంగతి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. ప్యాక్ చేసిన ప్రతి వస్తువు మీద తూనికలు కొలతల శాఖ రూల్స్ ప్రకారం కొన్ని వివరాలు ఉండాలి. బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, చేసినవాళ్ల పేరు, పూర్తి అడ్రస్, ఫిర్యాదుకు ఫోన్ నంబరు. కొనేవాళ్లకు ఇది హక్కు. నేను కాదనను. కానీ ఇంట్లో చేసి అమ్మే అమ్మాయికి ఆ అడ్రస్ అంటే ఇంటి అడ్రస్. ఆ ఫోన్ అంటే తన ఫోన్. తాను ఎవరో తెలియని వందలమంది చేతుల్లోకి, ప్రతి డబ్బా మీదా, ఎక్కడ ఉంటుందో రాసి పంపాలి. రాత్రి పదకొండింటికి వచ్చే ఫోన్ల గురించి ఇక్కడున్న ఆడపిల్లలు నాకంటే బాగా చెప్పగలరు. చాలామంది ఈ భయంతోనే లేబులు వేయకుండా, తెలిసినవాళ్లకే అమ్ముకుంటూ, చిన్నగానే ఉండిపోతున్నారు. ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని రాసిన రూలు ఇది. రిజిస్ట్రేషన్ నంబరు వేస్తే సరిపోయేలా, అడ్రస్ శాఖ దగ్గర ఉండేలా చేస్తే కొనేవాళ్లకు ఏ నష్టం? ఫిర్యాదు వస్తే శాఖే పట్టుకుంటుంది కదా.

వయసు గురించి రెండు మాటలే చెప్పి ముందుకు వెళతాను. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. పద్దెనిమిది నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు అని 1903లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మనకు పైకోర్టుగా ఉన్న లండన్ న్యాయస్థానం, తేల్చింది, ఇప్పటికీ అదే. పిల్లలను మోసం నుంచి కాపాడటానికి పెట్టారు, మంచి ఉద్దేశమే. కానీ పదిహేడేళ్ల పాలిటెక్నిక్ కుర్రవాడు యాప్ చేసి సంపాదిస్తే, ఆ సంపాదన సొంత నైపుణ్యంతో వచ్చింది కాబట్టి పన్ను వాడి పేరు మీదే లెక్కకడతారు. పన్నుకు వాడు పెద్దవాడు, సంతకానికి చిన్నవాడు. పద్దెనిమిది నిండాక డైరెక్టర్ కావచ్చు, మేనేజింగ్ డైరెక్టర్ కావాలంటే మాత్రం 21 నిండాలి. తను పెట్టిన కంపెనీకే. డెబ్భై దాటినవాళ్లకైతే ప్రత్యేక తీర్మానంతో వీలుంది, ఇరవై ఏళ్లవాళ్లకు ఏ దారీ లేదు. ఇది పెద్ద అడ్డంకి కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ రాసేవాళ్ల మనసులో ఎవరున్నారో దీంట్లో కనబడుతుంది.

డబ్బు రావడం గురించి చెప్పాలి. ఇక్కడ సంగతి వేరు, ఇక్కడ చట్టం మీ వైపే ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం చిన్న సంస్థ నుంచి సరుకు తీసుకున్నవాళ్లు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. రాతలో ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. చదివితే ఎంత బలమైన చట్టమో అనిపిస్తుంది. 2023లో ఆదాయపు పన్నులో కూడా ఒక నిబంధన చేర్చారు, చిన్న సంస్థలకు గడువులోపల కట్టని డబ్బును కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు, ఎప్పుడు కడితే అప్పుడే.

మరి మీలో ఎవరికైనా 45 రోజుల్లో డబ్బు వస్తోందా? తొంభై రోజులు, నూట ఇరవై రోజులు. వడ్డీ అడిగినవాళ్లున్నారా? లేరు. అడిగితే ఇంకో ఆర్డరు రాదు. మీకు ఉన్నది ఒక్క పెద్ద కొనుగోలుదారు, ఆ ఒక్కరి మీద బాకీల గొడవలు తీర్చే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌లో ఫిర్యాదు పెట్టి రేపు ఎవరికి అమ్ముతారు? నలభై మంది కొనుగోలుదారులున్న పాత వ్యాపారి పెట్టగలడు, మీరు పెట్టలేరు. ఈలోపు జీఎస్టీ ఏమంటుంది? ఇన్‌వాయిస్ ఇచ్చారా, పన్ను కట్టండి. డబ్బు వచ్చిందా లేదా అనే ప్రశ్న లేదు. రాని డబ్బు మీద మీరు జేబులోంచి పన్ను కడతారు, కొన్నవాడు ఆ పన్నును తన క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, వాడుకుంటాడు. వాడు మీకు డబ్బు ఇవ్వకపోతే ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఎప్పటికి? 180 రోజులకు. ఒక చట్టం 45 అంటుంది, ఇంకోటి 180 దాకా ఊరుకుంటుంది. ఆ 180ని 45 చేయండి. బాధితుడు ఫిర్యాదు పెట్టనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు, కంప్యూటరే పట్టుకుంటుంది. చిన్న సంస్థల ఇన్‌వాయిస్‌ల వరకు చేసినా చాలు. అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది, సరుకు పంపకముందే చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఇన్‌వాయిస్ మీద ఆ నంబరు, 45 రోజుల గడువు రెండూ అచ్చు వేయించండి. ఉద్యమ్‌కు ఫీజు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

చట్టాలన్నీ తీసేయమంటున్నారా అని కొందరు నన్ను నిలదీస్తారు. లేదు. ఆహార భద్రత చట్టం ఉండాలి. పచ్చడిలో ఏం కలిపారో తెలియాలి, నూనె ఎలాంటిదో తెలియాలి. చిన్నవాళ్లకు అక్కడ లైసెన్సు కూడా అడగరు, రిజిస్ట్రేషన్ చాలు, ఫీజూ తక్కువే. అది చేయించుకోకుండా తిండి అమ్మితే నేను మీ పక్షాన మాట్లాడను. మీ దగ్గర పనిచేసేవాళ్ల జీతం, పీఎఫ్, ఈఎస్ఐ విషయంలో కూడా అంతే. స్టార్టప్ కదా అని ఇంటర్న్ పేరుతో పిల్లల చేత ఊరికే పనిచేయించుకోవడం నాకు నచ్చదు. తినేవాళ్లను, పనిచేసేవాళ్లను కాపాడే రూలు వేరు. ఎవరినీ కాపాడకుండా కాగితాలు మాత్రమే పెంచే రూలు వేరు. రెండో రకం గురించే నా పోరాటం.

మార్పు రాదు అనేవాళ్లకు రెండు ఉదాహరణలు చెబుతాను. డ్రోన్లు. 2014 అక్టోబరులో పౌరులు డ్రోన్ ఎగరేయడాన్ని విమానయాన శాఖ ఆపేసింది. తరవాత కొద్దికొద్దిగా అనుమతులు. 2021 మార్చిలో ఒక పెద్ద రూల్స్ పుస్తకం వచ్చింది. 25 ఫారాలు, 72 రకాల ఫీజులు. కుర్రవాళ్లు గోల పెట్టారు, పరిశ్రమ అంతా గోల పెట్టింది. అయిదు నెలలు తిరిగేసరికి, ఆగస్టులో, ఆ పుస్తకం తీసేసి కొత్తది తెచ్చారు. 5 ఫారాలు, 4 రకాల ఫీజులు. ఇవాళ గుంటూరు జిల్లాలో మిరప చేలమీద మందు కొట్టే డ్రోన్లు చూస్తున్నారు కదా. పదో తరగతి పాసై, పద్దెనిమిది నిండి, శిక్షణ తీసుకున్నవాళ్లు నడుపుతున్నారు. ఆ ఉపాధి ఒక రూల్స్ పుస్తకం మార్చడం వల్ల వచ్చింది.

రెండోది మన హైదరాబాద్ కుర్రవాళ్లు. పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇద్దరూ ఇస్రోలో ఉద్యోగాలు వదిలి 2018లో స్కైరూట్ పెట్టారు. రాకెట్ కంపెనీ. అప్పటికి ఈ దేశంలో ప్రైవేటు కంపెనీ రాకెట్ ప్రయోగించడానికి దారే లేదు. 2020 జూన్‌లో కేంద్రం ఆ రంగాన్ని తెరిచింది, అనుమతులు ఇవ్వడానికి ఇన్‌స్పేస్ అని ఒక సంస్థను పెట్టింది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరింది. దేశంలో మొట్టమొదటి ప్రైవేటు రాకెట్. రూలు మారిన రెండున్నరేళ్లలోపే. వాళ్ల తెలివి 2018లోనూ అంతే ఉంది, 2020లోనూ అంతే ఉంది. మధ్యలో మారింది అనుమతి ఒక్కటే.

కాబట్టి పచ్చడి డబ్బా ఎన్టీఆర్ జిల్లా దాటి తెలంగాణకు వెళ్లడం రాకెట్ కంటే కష్టమైన సమస్య అని నేను నమ్మను. దీన్ని తేల్చేది జీఎస్టీ కౌన్సిల్. అందులో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు ప్రతి రాష్ట్రానికీ ఒక మంత్రి ఉంటారు. మన రెండు రాష్ట్రాల నుంచి ఇద్దరు. ఈ సమస్య ఈ దేశంలో అందరికంటే ఎక్కువగా తగిలేది మనకే, ఎందుకంటే నిన్నటిదాకా ఒకే మార్కెట్‌గా ఉండి రెండయింది మనమే. ఇద్దరు మంత్రులూ కలిసి ఒక్క ప్రతిపాదన పెట్టాలి. చేనేతకు ఇచ్చిన మినహాయింపును ఇంట్లో చేసిన ఆహార పదార్థాలకూ, చిన్న ఉత్పత్తులకూ ఇవ్వండి, 20 లక్షల దాకా. అంతే. సెప్టెంబరు 2025లో కౌన్సిల్ ఒక మాట అన్నది, ఆన్‌లైన్ వేదికల మీద చాలా రాష్ట్రాలకు అమ్మే చిన్నవాళ్లకు తేలిక రిజిస్ట్రేషన్ తెస్తామని సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. అంటే ఈ నొప్పి వాళ్లకు తెలుసు. సొంతంగా ఫోన్‌లో ఆర్డర్లు తీసుకునే అమ్మాయిని కూడా అందులో కలపమని అడగడమే మన పని.

అడగాలంటే కాగితాలు కావాలి. ఎవరో ఆడిటర్ వచ్చి ఇబ్బందిగా ఉంది అంటే ఎవరూ వినరు. మీ దగ్గర ఉన్న నోటీసులు కావాలి, పడిన లేటు ఫీజు చలానాలు కావాలి, ఓనర్ ఒప్పుకోక ఆగిపోయిన దరఖాస్తులు కావాలి. తెలంగాణ నుంచి వచ్చిన ఆర్డరును వద్దనుకున్న సందర్భాలుంటే అవి రాసివ్వండి, ఎంత విలువో కూడా రాయండి. పేర్లు, నంబర్లు కొట్టేసి ఇవ్వండి, నాకు అవి అక్కర్లేదు. బయట బల్ల దగ్గర ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు, వాళ్లు జిరాక్సులు తీసుకుంటారు. అన్నీ కలిపి రెండు ప్రభుత్వాలకూ ఒకే వినతిపత్రం ఇద్దాం. అక్కడా ఇక్కడా ఒకే కాగితం.

ఇక ప్రశ్నలు అడగండి. కంపెనీ మూయాలనుకునేవాళ్లు ముందు అడగండి, మీ మీటరు రోజూ తిరుగుతోంది.